అవ్వ పేరు డాట్ ఇన్

ఇంటర్నెట్‌లో గొంగడి అని వెతికితే మొదట్లో నాకు గొంగళిపురుగులు కనిపించేవి. నల్లవి, ఒళ్లంతా నూగుతో ఆకుల మీద పాకుతున్నవి, ఒకదాని కింద ఇంకొకటి. నేను వెతికింది మా ఇంటి సరుకును. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో, నల్లగొర్రె ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి మేం నేసే గొంగడిని. ఫోన్ తీసుకెళ్లి అవ్వకు చూపిస్తే ఆమె చాలాసేపు నవ్వింది.

"మంచిగనే ఉన్నయి బిడ్డా. ఉన్ని కత్తిరించుడొక్కటే తక్కువ" అంది.

మా ఇంట్లో ఉన్ని వడికేది అవ్వ. బాపు పోయాక మగ్గం మీద కూచునేది మా చిన్నాయన. అమ్మే పని నాది. అంగట్లో గిరాకీ పడిపోతుంటే ఫోన్‌లో చూపించి అమ్ముదామన్న ఆలోచన కూడా నాదే. దుకాణానికి అవ్వ పేరే పెట్టాను. భూమి పట్టా మొదట తాత పేరు మీద, తరువాత బాపు పేరు మీద, ఆఖరికి ఇంటి కరెంటు బిల్లు కూడా బాపు పేరు మీదే వచ్చేది. ఇదొక్కటైనా ఆమె పేరున ఉండాలని పట్టుబట్టాను.

వెబ్‌సైటు చేసింది తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు, మా వాడకట్టులో పెరిగినవాడు. వాళ్లమ్మ కూలికి పోయిన రోజుల్లో మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే నిద్రపోయేవాడు. ఏటా రాఖీ కట్టేదాన్ని. పెద్దయ్యాక జనగామలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. అతను మొదట డాట్ కామ్ పేరుతో సైటు చేసిచ్చాడు. ఏయే దేశాలవాళ్లో వచ్చి చూసిపోయినట్టు కనిపించేది గానీ ఫోన్ చేసి ఒక్క గొంగడి కావాలన్న మనిషి లేడు. మన జిల్లాల్లో ఎవరు వెతికినా మేం ఎక్కడో అడుగున ఉండేవాళ్లం. పైన మిల్లు దుప్పట్లవాళ్లు, వాళ్ల మధ్యన ఆ పురుగులు.

"కామ్ అంటే ఏ దేశపుదో తెల్వదక్కా" అన్నాడు తమ్ముడు ఒకరోజు. "గిప్పుడు బండి నంబర్ ముందట టీజీ అని ఉంటే మన దిక్కుదే అని ఎరుకైతదా లేదా? గట్లనే పేరు చివర ఇన్ అని ఉంటే, గిది ఇండియా దుకాణం అని వెతికే మిషన్‌కు ఎరుకైతది. ఇక్కడోళ్లు వెతికితే మనల్ని ముందట చూపెడ్తది."

"గంతేనా?"

"గంతే అంటే గంతే కాదు. రాసుడు గూడ మనోళ్లు మాట్లాడినట్టే రాయాలె. కంబళి అని రాయకు, గొంగడి అని రాయి. మన ఊర్ల పేర్లు రాయి. ఫోన్ నంబర్ పెట్టు."

ఎంత తెలివైనవాడయ్యాడో అని మురిసిపోయాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

కొత్త పేరు కొనేటప్పుడు నేను అతని పక్కనే ఉన్నాను. కంప్యూటర్ ఏవో వివరాలు అడుగుతోంది, అతను టకటకా నింపుతున్నాడు.

"పేరు ఎవరిది పెడ్తున్నవ్ తమ్మీ?" అని అడిగాను.

"అవ్వ పేరే అక్కా. ఇంకెవల పేరు పెడ్త?"

తెర మీద అవ్వ పేరు, పక్కన చుక్క, ఆ పక్కన ఇన్. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరును చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఇంకేం అడగలేదు.

సైటులో రాతంతా నాదే. గొంగడిని నెత్తి మీదుగా కొప్పెర వేసుకుంటే వాన లోపలికి దిగదని రాశాను. గంజి వాసన నాలుగు రోజుల్లో పోతుందని, భయపడవద్దని రాశాను. అవ్వ గడపలో కూచుని ఉన్ని వడుకుతుంటే ఫొటో తీసి పైన పెట్టాను. కొన్ని నెలలు గడిచాక మాకు గిరాకీ మొదలైంది. మల్లన్న దేవుడికి ముగ్గుల పట్నాలు వేసి కొలిచేవాళ్లు అడిగేవారు. గొర్లకాపరులు అడిగేవారు. మహబూబాబాద్ వైపు మిర్చి చేలకు కావలి పండుకునే రైతులు అడిగేవారు. గోడకు వేలాడదీసుకుంటామని కొందరు పట్నంవాళ్లు కూడా తెప్పించుకున్నారు. ఆ సంగతి చెప్తే "గోడకు చలి వెడ్తదా?" అని అవ్వ నిజంగానే అడిగింది. ఫోన్ చేసినవాళ్లు దుకాణం అనేవాళ్లు కాదు, అవ్వ పేరు చెప్పి, ఆ అవ్వ గొంగడి కావాలి అనేవాళ్లు. నాకు కావలసింది అదే.

తరువాత తమ్ముడు జనగామలో సెంటర్ ఎత్తేసి భూపాలపల్లి వెళ్లాడు. అక్కడ ఒక బట్టల వ్యాపారితో కలిసి పనిచేస్తున్నానని ఫోన్‌లో చెప్పాడు. బాగుపడితే చాలనుకున్నాను. ఆ ఏడు మాకు ఫోన్లు తగ్గిపోయాయి. ఎండాకాలం కదా, గొంగడి ఎవరికి గుర్తొస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. వానలు మొదలైనా ఫోన్లు రాలేదు.

చివరికి మరిపెడ నుంచి ఒకాయన చేశాడు. అంతకుముందు మా దగ్గర కొన్నవాడే.

"పోయినేడు మీ గొంగడి కొప్పెర ఏసుకుంటే చుక్క నీళ్లు దిగలేదక్కా. మొన్న మా అన్నకు గూడ తెప్పిస్తే ఒక్క వానకే తడిసి ముద్దయింది. మీరు గిట్ల చేస్తరనుకోలె."

"మేమేం పంపలేదన్నా" అన్నాను.

"మీ అవ్వ పేరే ఉన్నది గద. ఫొటో గూడ ఆమెదే."

సైటు తెరిచి చూశాను. అవ్వ పేరు అలాగే ఉంది. గడపలో కూచుని వడుకుతున్న అవ్వ అలాగే ఉంది. కొప్పెర గురించి, గంజి వాసన గురించి నేను రాసిన మాటలన్నీ ఉన్నాయి. ఫోన్ నంబర్ మాత్రం మాది కాదు. కింద ఉన్నవి ఉన్ని వాసన కూడా తగలని మిల్లు దుప్పట్లు.

మర్నాడే బస్సులు మారి భూపాలపల్లి వెళ్లాను. వ్యాపారి దుకాణంలో వెనక గదిలో కూచుని ఉన్నాడు తమ్ముడు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు, చాయ్ తెప్పించాడు. నేను చాయ్ ముట్టలేదు.

"అవ్వ పేరు నాకు ఇచ్చెయ్ తమ్మీ."

"నా చేతుల లేదక్కా. సేటుకు రాసిచ్చిన."

"నువ్వెట్ల రాసిస్తవ్? అవ్వ పేరే అని నువ్వే అంటివి గద."

అతను నా మొహంలోకి చూడలేదు. "అవ్వ పేరుతోని ఉన్నది అన్న. అవ్వ పేరు మీద ఉన్నదని ఎన్నడన్న అన్ననా? కొన్నది నా పేరు మీద. ఐనా ఆ పేరు గల్ల ఆడోళ్లు ఊరికి పదిమంది ఉంటరు. మీ ఒక్కలదా?"

పేరుతో, పేరు మీద. ఈ రెంటికీ తేడా మా దిక్కున ఎవరికి తెలియదు? పేరు మీద లేని భూమిని దున్నుకుంటూ తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన మనుషుల మధ్యనే మేమిద్దరం పెరిగాం. అతనికీ తెలుసు. ఆ రోజు తెలిసే ఆ మాట అన్నాడో, తరువాత పనికొచ్చిందని పట్టుకున్నాడో నాకు అనవసరం. మోసం చేశాడు. దానికి ఇంకో పేరు లేదు.

నువ్వు చూసుకోవాల్సింది అని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. మన కంచంలో తిన్నవాణ్ణి కాగితం చూపించమని ఎవరడుగుతారు? ఫిర్యాదు పెట్టాను, తేలడానికి కాలం పడుతుందన్నారు. ఈలోగా నా పేరు మీద, నా చేత్తోనే ఇంకో డాట్ ఇన్ కొనుక్కున్నాను. అది కింద ఎక్కడో పడి ఉంది. పైన కనిపించేది పాతదే. ఇన్నాళ్లూ జనం దాన్నే వెతుక్కుంటూ వచ్చారు, అందుకని వెతికే మిషన్ కూడా దాన్నే నమ్ముతుంది. ఆ నమ్మకం సంపాదించింది మేము, తింటున్నది వాళ్లు.

అవ్వకు ఇదంతా చెప్పలేదు. అతనికి చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెది, ఎట్లా చెప్పను?

మునుపు మా దగ్గర కొన్నవాళ్ల పాత పార్సిళ్ల మీద మా నంబర్ ఉండిపోవడంతో తిట్టేవాళ్ల ఫోన్లు మాత్రం నాకే వస్తున్నాయి. మొన్న ఒకాయన జనగామ నుంచి చేశాడు. అవ్వ పేరు పెట్టి, ఆమె దొంగ సరుకు అమ్ముతోందని, ఆమెను ఫోన్ దగ్గరికి పిలవమని గట్టిగా అరిచాడు. మా గొంగళ్లు కావని ఎంత చెప్పినా వినలేదు. విసిగిపోయి, "ఆ పేరు గలవాళ్లు ఇక్కడెవరూ లేరండీ" అని పెట్టేశాను.

గడపలో అవ్వ ఉన్ని వడకడం ఆపి నావైపు చూస్తోంది.

"నన్నే అడిగిన్రు గద బిడ్డా. ఈడనే ఉంటి, లేనంటివేంది?"