పెళ్లికూతుళ్లందరికీ ఒక్కడే మల్లేశ్

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధమూ ఆడకుండా, ఒక్క మీట నొక్కి, చిట్యాల చుట్టుపక్కల పెళ్లికాని ఆడపిల్లలందరికీ ఒక్కడితోనే సంబంధం ఖాయం చేశాను. నవ్వండి, ఫర్వాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

మా చిన్నాయన పెళ్లి సంబంధాలు కుదురుస్తాడు. నేను కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి కొమ్ములొచ్చిన రోజులవి. ఆయనకో వెబ్‌సైట్ చేసిపెట్టి, ఆడపిల్లల వివరాలన్నీ ఒకే స్క్రిప్టుతో, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల చీటీతో, డేటాబేసులోకి ఎక్కించాను. మా నాయిన మాట కాదనలేక ఆ పెళ్లికాని పిల్లల్లో నా పేరూ కలిపాను. సంబంధం ఖాయమైతే ఆ ఇంటికి దానంతటదే మెసేజ్ పోయే ఏర్పాటు కూడా నా తెలివే.

ఆ పిల్లల్లో స్వరూప అనే అమ్మాయికి ఎన్నో సంబంధాలు తప్పిపోయాక చిట్యాల మల్లేశ్ కుదిరాడు.

"బిడ్డా, స్వరూపకు మల్లేశ్ ఖాయమైండని జర ఎక్కియ్యి" అన్నాడు చిన్నాయన.

"గదెంత పని చిన్నాయనా!"

వరుడి గడిలో మల్లేశ్ పేరు రాయమని స్క్రిప్టు రాశాను. ఏ అమ్మాయి వరుసలో రాయాలో చెప్పడం మరిచాను. "ఎవరికమ్మా?" అని అడగడానికి అదేమైనా మనిషా? అన్ని వరుసల్లోనూ రాసేసి, అందరిళ్లకూ మెసేజ్ పంపింది: "మీ అమ్మాయికి సంబంధం ఖాయం. వరుడు మల్లేశ్, చిట్యాల. ఇల్లు చూసుకోవడానికి రాగలరు."

మా దిక్కు పిల్లగాని ఇల్లు చూడ్డానికి ఒక్కరు పోరు. మేనమామలు, పెద్దమ్మలు, చివరికి పక్కింటివాళ్లు కూడా ఆటో ఎక్కాల్సిందే. మర్నాడు పొద్దున్నే చిన్నాయన ఫోన్లో మొత్తుకున్నాడు.

"ఏం జేసినవే పిల్లా! మల్లేశోళ్ల వాకిట్ల ఆటోలు నిలవెట్టెతందుకు జాగ లేదు!"

 పరుగున మల్లేశ్ ఇంటికి పోయేసరికి, వాకిట్లో ఆడపిల్లలవాళ్లు ఒకరిమీదొకరు అరుచుకుంటున్నారు.

"ఖాయమైంది మా పిల్లకు!"

"గట్లెట్ల? మెసేజ్ మాకొచ్చింది, సూడుండ్రి!"

ఆ జనం మధ్యలో స్వరూప వాళ్ల నాయిన తలపట్టుకుని కూలబడ్డాడు. "గీ సంబంధం గూడ పాయె" అంటున్నాడు.  మల్లేశ్ తల్లి మాత్రం వాకిలంతా ఒకసారి కలియజూసి, "మావోనికి గింత గిరాకుందా? ఇంకో నలుగుర్ని జూద్దాం తియ్యి" అంది!

అంతలో ఇంకో ఆటో ఆగింది. దిగింది మా నాయిన, వెనకాలే మేనత్తలు. నన్ను చూసి కొయ్యబారిపోయాడు.

"ఇల్లు సూసెతందుకు మేమొస్తే, నువ్వు మాకన్న ముందే వచ్చినవా? గంత తొందరేందే?"

వాకిలంతా గొల్లున నవ్వింది. భూమిలోకి కుంగిపోతూనే, "తప్పు నాది. ఖాయమైంది స్వరూపకొక్కదానికే" అని అరిచాను. లోపల్నించి మల్లేశ్ వచ్చి, "అమ్మా, నేను మాటిచ్చింది గామెకే" అన్నాడు. స్వరూప వాళ్ల నాయిన కళ్లు తుడుచుకుని లేచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఎవరికన్నది చెప్పకుండా కంప్యూటర్‌కే కాదు, దేవుడికి కూడా పని చెప్పను. "అందరినీ చల్లగా చూడు స్వామీ" అనడం మానేసి, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి మరీ మొక్కుతున్నాను.