నా బిడ్డకు రాని నటన

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కోడలు రాస్తోంది. తిట్లు వదిలేయమంది, సగమే వదిలేస్తానన్నాను.

నా బిడ్డకు ఆటిజం. పెళ్లి వయసు దాటింది. మాటలు తక్కువ, మైకు మోత అసలే పడదు. మెదక్‌లో ఒకామె నడిపే చీరల దుకాణంలో, వెనక గదిలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. మొగుడు పోయిన నాకు ఆ పనే ధైర్యం. రేపు నేను పోయినా దానికి పొద్దున లేచి వెళ్లడానికో చోటు, పలకరించడానికో మనిషి ఉంటారు.

మొన్న ఎండాకాలం, ఆటిజం మీద అవగాహన నాటకం వేస్తామని పట్టణంలో కొందరు బయలుదేరారు. ఆడపిల్ల వేషం కట్టేది మొగవాడే. చూసి నేర్చుకుంటానని డైరెక్టరును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నా బిడ్డ గోడవారన కూర్చుని కుట్టుకుంటోంది. చాయ్ తాగుతూ చాలాసేపు చూశారు.

“గింతేనా అమ్మా? ఇంకేం చెయ్యదా?” అన్నాడు డైరెక్టరు.

“ఆకలైతే అన్నం తింటది సారూ.”

“గట్ల కాదమ్మా. జనం ఏడ్వాలె గదా!”

నాటకం రోజు తప్పక రమ్మన్నారని, నా బిడ్డ చెవుల్లో దూది పెట్టి తీసుకెళ్లాను. ఫంక్షన్ హాలు నిండిపోయింది. దుకాణపామె మా వెనక వరసలోనే కూర్చుంది. విగ్గు పెట్టుకున్న అతను వచ్చాడు. నోట్లో చొంగ, వంకర చేతులు, పైకి తేలేసిన కళ్లు. పూనకం, పక్షవాతం, పిచ్చికుక్క కాటు, అన్నీ ఒక్క పిల్లలోనే పోశారు. తల్లిని పొడవడానికి కత్తి ఎత్తే సమయానికి, ముఖ్య అతిథిగా పిలిచిన లీడరు హాల్లోకి వచ్చాడు. మా దగ్గర ఏ ఆటైనా శాలువా కోసం ఆగాల్సిందే. ఆ పిల్ల చొంగ తుడుచుకుని, కత్తి చంకలో పెట్టుకుని, లీడరుకు శాలువా కప్పి, ఫోటోకు నవ్వి, మళ్లీ చొంగ కార్చింది. చివరికి తల్లి జోలపాట పాడగానే అంతా నయమై, గుక్క తిప్పుకోకుండా ఉపన్యాసం ఇచ్చింది. హాలంతా ముక్కులు చీదింది.

పక్కనున్న ముసలమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. “నువ్వెన్నడు పాట పాడలేదా బిడ్డా? పాడితె నయమయితుండె గదా!”

“పాడిన అవ్వా. మా ఆయన ఇంట్లకెళ్లి బయటికి ఉరికిండు గని, దానికేం గాలే.”

అంతలో వెనక నుంచి దుకాణపామె ముందుకు వంగింది. “అక్కా, మీ పిల్ల గిట్లనే ఎన్నడన్న కత్తెర వట్టి మీదికొస్తదా? గిరాకికొచ్చే ఆడోళ్ల సంకల పిల్లలుంటరు. కొన్నొద్దులు ఇంట్లనే ఉంచుకోరాదు?”

ఏళ్ల తరబడి ఆమె కత్తెరతోనే ఆమె చీరలకు పనిచేసే పిల్ల మీద ఒక్క నాటకంతో అనుమానం! నోరు తెరిచేలోపే మైకులో పిలిచారు: “అసలైన తల్లీబిడ్డలకు సన్మానం! స్టేజీ మీదికి రాండ్రి!”

ఎక్కాం. మైకు కీచుమంది. నా బిడ్డ చెవులు మూసుకుంది. కప్పిన శాలువా గుచ్చుకుందేమో, తీసి మడతపెట్టి కుర్చీలో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది. అంతే. చప్పట్లు కూడా పడలేదు.

“గీమెకేం లేదు పో! గా డ్రామల పోరి మస్తు జేసింది,” అన్నారెవరో.

కిందికి రాగానే దుకాణపామె నా చేయి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. “అక్కా, మీ పిల్లకు ఆటిజం లేనే లేదు! డాక్టర్లు ఉత్తగనే చెప్పిన్రు.”

ఔనంటే పని దక్కుతుంది. కానీ రేపు దుకాణంలో ఎవరో అరిస్తే, అది చెవులు మూసుకుని లేచిపోతే?

“ఉన్నది చెల్లే. ఉంటే గిట్లనే ఉంటది. చప్పుడైతె చెవులు మూసుకుంటది, నచ్చకుంటె లేచిపోతది. ఇన్నేండ్ల సంది నువ్వు చూస్తున్నది గదే.”

ఆమె స్టేజీ వైపు చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నా బిడ్డ వైపు చూసింది.

“లగ్గాల దినాలక్కా, చీరలు కుప్పలు వడ్డయి,” అంది చివరికి. “రేపు జర పొద్దుగాల్నే తోలియ్యి. లొల్లి గాకుంట నేను చూసుకుంట.”

వాళ్ల అవగాహన సంగతి నాకు తెలియదు గానీ, ఈ ఏడు ముహూర్తాలు ఇంకా చాలా ఉన్నాయి.