మిట్ట వీధి మేడమ్

ఈ రోజు పేపరు జిల్లా పేజీలో, అడుగున ఒక మూల, చిన్న డబ్బా కట్టి ఒక వార్త వేశారు. మా మున్సిపల్ కౌన్సిల్ సాధారణ సమావేశం ఈ నెలాఖరున ఉదయం పదిన్నరకు జరుగుతుందట. వేసవి నీటి ఎద్దడి, వీధి దీపాలు, చెత్త బండ్ల మరమ్మతులు చర్చకు వస్తాయట. గౌరవ సభ్యులందరూ సకాలంలో హాజరు కావాలట. ముప్పై ఏళ్ళ పైన పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని కాబట్టి పేపరు చదివేటప్పుడు చేతిలో ఎర్ర పెన్ను లేకపోయినా మనసులో ఉంటుంది. ‘సకాలంలో’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. అనంతపురం జిల్లాలో మా ఊరి లాంటి ఊళ్ళో వాన సకాలంలో రాదు, వేరుశనక్కాయ సకాలంలో ఊరదు, కొళాయి అసలే రాదు. కౌన్సిలర్లు మాత్రం సకాలంలో రావాలి. వచ్చి ఏం చేస్తారో నాకు తెలుసు. ఒకసారి వెళ్ళి చూశాను. మా వదిన ఒకప్పుడు అందులో గౌరవ సభ్యురాలు.

వదిన అంటే మా అన్న భార్య. పుట్టిల్లు శింగనమల దగ్గర, పెద్ద చెరువు కింది పల్లె. నీళ్ళున్న ఊరి నుంచి తెచ్చి మా నాయన ఆమెను మిట్ట వీధిలో పడేశాడు. మా ఊళ్ళో జీన్స్ ప్యాంట్లు కుట్టని ఇల్లు తక్కువ. మా అన్న ఒక కుట్టు యూనిట్లో కటింగ్ మాస్టరు. ఊరి కాలవల్లో నీళ్ళు కూడా నీలంగా పారతాయి, ఆ నీలం నీళ్ళకు మాత్రం ఏనాడూ కరువు లేదు. మిట్ట వీధి పేరుకు తగ్గట్టే గుట్ట మీద ఉంటుంది. మున్సిపాలిటీ పైపు గుట్ట మొదట్లో ఆగిపోయేది. అక్కడొక కొళాయి, దానికి నాలుగైదు రోజులకొకసారి నీళ్ళు, దాని ముందు వీధి మొత్తం బిందెలు. నింపిన బిందె చంకన పెట్టుకుని ఆ ఎక్కుడు ఎక్కడం మా వదినకు కాపురానికి వచ్చిన కొత్తలో ఏడుపు తెప్పించేదట. తరవాత తరవాత ఏడుపు పోయి కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆమె కొళాయి దగ్గర పెద్దరికం తీసుకుంది. ఎవరి బిందె ఎవరి వెనక ఉండాలో ఆమె చెప్పినట్టే జరిగేది. మా అమ్మ, అంటే సొంత అత్త, ఒకరోజు మోకాళ్ళ నొప్పులని చెప్పి ముందుకు రాబోతే “అత్తా, నీ బిందె నేను మోసుకొస్తా, నీ వరస మాత్రం ఆడనే” అన్నదట. మా అమ్మ ఆ రోజంతా కోడలితో మాట్లాడలేదు. వీధి మాత్రం ఆ మాట మరిచిపోలేదు.

అందుకే ఆ వార్డు ఆడవాళ్ళకు రిజర్వయినప్పుడు పార్టీవాళ్ళు వెతుక్కుంటూ మా అన్న ఇంటికే వచ్చారు. వాళ్ళకు కావలసింది ఆడమనిషి పేరు, మగమనిషి సంతకం. మా ఊళ్ళో అలాంటి సీట్లలో జరిగేది అదే. భార్య గెలుస్తుంది, భర్త తెల్ల చొక్కా కుట్టించుకుంటాడు. మా అన్న కూడా ఒక చొక్కా కుట్టించుకున్నాడు పాపం. అది పెట్టెలోనే ఉండిపోయింది. గెలిచిన మర్నాడే వదిన చెప్పేసింది, “మీటింగులకి నేనే పోతా, నువ్వు ప్యాంట్లు కత్తిరించుకో పో” అని. అప్పటి నుంచి సమావేశానికి ముందు సాయంత్రాలు ఆమె అజెండా కాగితాలు పట్టుకుని బస్టాండు దగ్గర ఉన్న మా ఇంటికి వచ్చేది. ఆమె చదివింది ఏడో తరగతి. నాకు రిటైర్మెంటు దగ్గర పడినా ఆమెకు నేను పాపనే. “పాపా, ‘ఆమోదార్థం సమర్పించడమైనది’ అంటే ఏమి?” అని అడిగేది. ఒప్పుకోమంటున్నారు వదినా అంటే, “ఆ మాట ఆ మాదిరే రాసేదానికి ఏమొచ్చె వీళ్ళకి?” అనేది. నేను కూడా పిల్లలకు అలాంటి తెలుగే నేర్పించాను కదా.

ఒకసారి బలవంతం చేసి నన్నూ తీసుకెళ్ళింది. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వచ్చాయి. ఉగ్గాని బాగుంది, అబద్ధం చెప్పను. తరవాత గుమాస్తా ఒక్కొక్క అంశం నంబరు చదవడం, సభ్యులు బల్లలు చరచడం. అంశం ఏమిటో పూర్తిగా చదవకముందే చప్పుడు అయిపోయేది. చైర్ పర్సన్ కూడా ఆడమనిషే. ఆమె ప్రతి అంశానికీ పక్క గది తలుపు వైపు చూసేది. అక్కడ ఆమె భర్త కూర్చుని ఉన్నాడని నా పక్కనున్న విలేకరి చెప్పాడు. బల్ల చరచని చెయ్యి మా వదినది ఒక్కటే. చివర్లో లేచి నిలబడి, మిట్ట మీద ఒక ట్యాంకు కట్టి ఇంటింటికీ పైపు వెయ్యాలని అడిగింది. ఇంజినీరు పరిశీలనలో ఉందమ్మా అన్నాడు.

“ఏమప్పా సారూ, పోయిన తూరి కూడా పరిశీలనలోనే ఉండె. అది యాడన్నా ఇరుక్కుపోయిందా? మేమొచ్చి లాగాల్నా?”

అందరూ నవ్వారు. చైర్ పర్సన్ కూడా నవ్వింది. మా వదిన ఒక్కతే నవ్వలేదు. ఆ నవ్వులతోనే సమావేశం ముగిసింది. ఇలా మూడేళ్ళ పైన గడిచింది. ప్రతిసారీ ఆమె లేచేది, ప్రతిసారీ వాళ్ళు నవ్వేవాళ్ళు, ప్రతిసారీ ఆ ట్యాంకు పరిశీలనలోనే ఉండేది. ఊళ్ళో మిట్ట వీధి ట్యాంకు అంటే ఎప్పటికీ జరగని పనికి పేరు అయిపోయింది.

ఆ తరవాత అవిశ్వాసం వచ్చింది. చైర్ పర్సన్ను దించాలని వైస్ చైర్మన్ సభ్యులను కూడగట్టుకుంటున్నాడు. ఒకరోజు ఆయన మా అన్న ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, మజ్జిగ తాగి, “అక్కా, నువ్వు చెయ్యెత్తితే చాలు. కొత్త కౌన్సిల్ మొదటి మీటింగులో మొదటి అంశం నీ ట్యాంకే” అన్నాడు. వదిన ఆయనతో ఇంటి దేవుడి పటం మీద ప్రమాణం చేయించుకుంది. నేను విని భయపడ్డాను. ఇవన్నీ మనకెందుకు వదినా అన్నాను.

“నేను దుడ్లు అడగలేదు పాపా. నీళ్ళు అడిగినా. ఇన్నేండ్లు మర్యాదగా అడిగితే నవ్వినారు కదా” అంది.

అవిశ్వాసం అంటే ఓటు వెయ్యడం ఒక్కటే కాదు. ఓటు వేసేదాకా సభ్యులు అవతలి పక్షానికి దొరకకుండా దాచాలి. దీన్ని క్యాంపు అంటారు. నడి వేసవిలో ఒక ఏసీ బస్సు వచ్చింది. మా వదినతో సహా వైస్ చైర్మన్ పక్షం వాళ్ళందరినీ ఎక్కించుకుని బెంగుళూరు అవతల ఎక్కడో ఒక రిసార్టుకు తీసుకుపోయి, ఫోన్లు లాగేసుకున్నారు. మరునాడే చైర్ పర్సన్ పక్షం వాళ్ళను ఇంకో బస్సు ఇంకో రిసార్టుకు తీసుకుపోయింది. అంటే మా ఊరి పాలకవర్గం మొత్తం పక్క రాష్ట్రంలో ఉంది. కమిషనరు సెలవు పెట్టాడు. ఊరిని చెత్త బండ్లకు, కుక్కలకు వదిలేశారు. సరిగ్గా ఆ వారంలోనే మోటారు కాలిపోయి గుట్ట మొదటి కొళాయి ఎండిపోయింది. మిట్ట వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసుకు పోతే, మీ కౌన్సిలర్ను తీసుకురాండి, ఆమె చెబితే చేస్తామన్నారు. వాళ్ళు అన్న ఇంటికి వచ్చారు. మా అన్నకు అబద్ధం చెప్పడం చేతకాదు. ధర్మస్థలం మొక్కు తీర్చుకునేదానికి పోయిందని గోడ వైపు తిరిగి చెప్పాడు. వాళ్ళు నమ్మారు. నమ్మడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వదిన ఎదురింట్లో ఒకామె ఉండేది. జీన్స్ ప్యాంట్లకు జోబులు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకేది. ఇద్దరూ ఒకే ఏడు ఆ వీధికి కాపురానికి వచ్చారు. ఒక ఇంట్లో చారు కాస్తే రెండో ఇంట్లో అన్నం వండేవాళ్ళు అన్నంత స్నేహం. “అక్కా” అని ఆమె వీధిలోంచి కేక పెడితే మా వదిన లోపలి నుంచే ఆ కేకను బట్టి సంగతి పోల్చుకునేది. కొళాయి ఎండిన ఆ రోజుల్లో ఆమె అవతలి పేట ప్లాంటు నుంచి మోపెడ్ మీద నీళ్ళ క్యాన్లు తెచ్చుకుంటూ గుట్ట ఎక్కుడులో పడిపోయింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మిషను మీద గుడ్డ తిప్పే చెయ్యి అది.

ఆమె ఆసుపత్రి నుంచి కట్టుతో ఇంటికి వచ్చిన రోజే ఫోటో వచ్చింది. క్యాంపులో ఫోను దాచుకున్న తెలివైనవాడు ఎవడో తీసి పంపాడు. మొదట ఫోన్లలో తిరిగి, మర్నాడు ఇదే జిల్లా పేజీలో అచ్చయింది. రిసార్టులో ఈత కొలను, నీలంగా, అంచుల దాకా నిండి ఉంది. గట్టు మీద ఆడ కౌన్సిలర్లు వరసగా కూర్చున్నారు. మా వదిన చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, నవ్వుతోంది. ఆ నవ్వు గురించి తరవాత నేను అడిగాను. “చిన్నప్పుడు మా చెరువులో ఇట్లే కూచుంటాంటిమి పాపా. కాళ్ళు పెట్టంగానే ఒక్క గడియ అదే యాదికొచ్చె. ఆ ఒక్క గడియలోనే వాడు తీసినాడు” అంది. నేను నమ్మాను. నేను నమ్మితే ఏం లాభం? నేనేమైనా ఆ వారంలో ఆ గుట్ట ఎక్కి నీళ్ళు మోశానా?

క్యాంపు బస్సు నేరుగా మున్సిపల్ ఆఫీసు గేటు దగ్గర ఆగింది. పోలీసుల నడుమ లోపలికి పోయి, చేతులెత్తి, చైర్ పర్సన్ను దించేసి బయటికి వచ్చారు. టపాకాయలు కాల్చారు. మోటారు బాగు చేశారు. కొళాయికి నీళ్ళు వచ్చిన రోజున వదిన ఎప్పటి మాదిరే బిందె తీసుకుని దిగింది. ఆ రోజు అన్నను చూడడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ఎవరూ తిట్టలేదు. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే బిందెలు పక్కకు జరిపి దారి ఇచ్చారు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకున్న ఎదురింటామె కొళాయి కింద ఉన్న తన బిందెను ఎడమ చేత్తో తీసేసింది.

“మీరు పట్టుకోండి మేడమ్” అంది.

“ఏమే, నేనెవురు? మేడమ్ ఏంది? నీ వరస నువ్వు పట్టుకో” అంది వదిన.

“మాకేముండాది మేడమ్, నిలబడతాం. అలవాటే కదా. మీరు పెద్దోళ్ళు, మీకు మీటింగులుంటాయి.”

వదిన ఆ చెయ్యి పట్టుకోబోయింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. నీళ్ళు కింద బండ మీద ధారగా పోతున్నాయి. అంత నీళ్ళు వృథాగా పోతుంటే మిట్ట వీధిలో ఒక్కరూ బిందె పెట్టకపోవడం నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. వదిన ఖాళీ బిందె తీసుకుని గుట్ట ఎక్కేసింది. తిట్టి ఉంటే బాగుండేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది. మా సీమ మనుషులకు తిట్టడం కంటే గట్టిగా కొట్టే పద్ధతి ఒకటి ఉందని ఆ రోజు నాకు తెలిసింది, అది గౌరవం ఇవ్వడం.

వైస్ చైర్మన్ చైర్మన్ అయ్యాడు. చెబితే ఆశ్చర్యపోతారు, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మొదటి సమావేశం, మొదటి అంశం, మిట్ట వీధి ట్యాంకు. అందరూ బల్లలు చరిచారు. ఆ ఒక్కసారి మా వదిన కూడా చరిచిందట. ఏడాది తిరక్కుండా గుట్ట మీద ట్యాంకు లేచింది, ఇంటింటికీ పైపు పడింది. శిలాఫలకం మీద అందరి పేర్లూ ఉన్నాయి, ఆమెది చివర్లో ఉంది. టెంకాయ కొట్టిన రోజున ఆడవాళ్ళంతా వచ్చి చైర్మన్కు శాలువా కప్పారు. మా వదిన మైకు వెనక నిలబడి ఉంది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఎవరో పిల్లలు మాత్రం ‘కొలను మేడమ్’ అని నవ్వుకుంటూ పోయారు. ఆ పేరు ఊళ్ళో ఇప్పటికీ ఉంది. తరవాతి ఎన్నికల్లో ఆమె నిలబడలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆమె తప్పేమిటో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆమె చెయ్యెత్తకపోతే ఆ ట్యాంకు ఈ జన్మకు లేచేది కాదు. ఎత్తినందుకు ఎదురింటామె చెయ్యి విరిగింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పే కౌన్సిల్ ఏదీ నాకు తెలియదు. నవ్వినవాళ్ళకు, బస్సులు పంపినవాళ్ళకు మాత్రం ఏ పేరూ రాలేదు. అదే నా కడుపుమంట.

ఇప్పుడు మిట్ట వీధిలో బిందెల వరస లేదు. ఎవరింట్లో వాళ్ళకు కొళాయి. నీళ్ళు వచ్చే వేళకు అందరూ తలుపులు వేసుకుని లోపల పట్టుకుంటారు.

పేపరు మడిచి పెట్టి వదినకు ఫోన్ చేశాను. నెలాఖరున కౌన్సిల్ మీటింగట అని చెప్పాను. ఏమేమి అంశాలని అడిగింది. చెప్పాను. “చెత్త బండ్లు ఇంకా బాగు కాలేదా” అని నవ్వింది. కాసేపు అన్న షుగరు గురించి మాట్లాడుకున్నాం. పెట్టేయబోతుంటే అంది:

“పాపా, ఆయమ్మకి ఆ చెయ్యి ఇంకా నొస్తాందంట. మిషను తొక్కేది నిలిపేసిందంట. అంగట్లో ఎవరో అనుకుంటాంటే విన్నా.”

మధ్యలో ఉన్నది పది అడుగుల వీధి. ఎదురింటి సంగతి ఆమెకు అంగట్లో తెలిసింది. సరే వదినా, ఉంటాను అన్నాను. ఆ వీధికి ట్యాంకు కట్టి ఎన్నేళ్ళయిందని ఎవరైనా అడిగితే శిలాఫలకం చూసి చెబుతారు. నేను మాత్రం, వీధిలోంచి “అక్కా” అన్న కేక వినపడక ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటాను, రెండూ ఇంచుమించు ఒకటే.