టీవీకెక్కిన నా సణుగుడు

రిమోట్ పాడయ్యాక మా టీవీని నా ఫోన్‌లోని యాప్‌తోనే నడిపేవాళ్లం. నేను నెల్లూరు నుంచి తమిళ సీమలోని చూలైకి వచ్చిన కోడల్ని. మా అత్త పుట్టి పెరిగింది ఈడే, మాట తెలుగే గానీ చదువు తమిళం.

ఒక సాయంత్రం హాల్లోంచి "సీరియల్ పెట్టమ్మే!" అని కేకేసింది. వంటింట్లో వడలు వేస్తూ యాప్‌లో మైకు నొక్కాను. పేరు చెప్పేలోపే, "ఈ ముసలామెకి రోజూ ఏడుపే కావాల" అని సణిగాను. ఆ ముక్కే తెలుగులో టీవీ మీదికెక్కింది! హాల్లోకి పరుగెత్తాను.

"ఏం రాసుండాదమ్మే?" అంది అత్త.

"నెట్ లేదంట అత్తా."

"నాకు తెలుగు చదవను రాదు గానీ చెవులు బాగుండాయి. వంటింటి తలుపు తీసే ఉండాది."

అప్పట్నుంచి మైకు నొక్కేది ఆమే. సణగాలంటే నేను మిద్దెపైకి పోతున్నా, ఫోన్ కింద పెట్టి మరీ.