సార్ ఫార్మలిన్ సీసాలు

సూరత్‌లోని వడోద్ నుంచి సార్ భార్య ఫోన్ చేసి "మీ సారు పోయిండు బిడ్డా" అన్నప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. ఆ కోపంతోనే మీకిది రాస్తున్నాను.

సార్ మాకు కాలేజీలో జువాలజీ చెప్పేవారు. మాలాగే ఆయనదీ మగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కుటుంబమే. ఆయన పిచ్చంతా గుర్రపువెంట్రుక పురుగుల మీద. మిడతల్లో, కీచురాళ్లలో పెరిగి, పెద్దయ్యాక వాటిని నీళ్లలోకి దూకించి బయటపడే పురుగులవి. మొదటిసారి సీసాలో చూసి నేను లూమ్ కింద పడ్డ దారమనుకున్నాను. "దారానికి తోక ఉంటదా? జర సక్కగ చూడు" అన్నారు. తోక చివర ఎలా చీలిందో, చర్మం మీద బుడిపెలు ఎలా ఉన్నాయో చూసే అది ఏ రకమో తేలుస్తారట. ఈరోజు నేను ల్యాబ్‌లో పనిచేసుకుంటున్నానంటే ఆ చూపు నేర్పిన ఆయన చలవే.

వాటి చుట్టరికాల సంగతి ఎత్తితే బెల్లు కొట్టినా ఆపేవారు కాదు. పిల్ల పురుగు ముక్కుకు కొక్కేలుంటాయి. అది చూస్తే సముద్రపు బురదలో ఉండే వేరే పురుగులకు బంధువనిపిస్తుంది. కానీ అసలు దగ్గరివాళ్లు మన కడుపులో చేరే ఏలికపాముల వంశం. "పోలిక ఉన్నంత మాత్రాన చుట్టం గాదు బిడ్డా" అనేవారు.

వీటిలో ఒక చిన్న శాఖ మాత్రం సముద్రంలో, పీతల్లో, రొయ్యల్లో పెరుగుతుంది. దానికోసం ఆదివారాలు మమ్మల్ని డుమస్ బీచ్‌కు తీసుకెళ్లేవారు. జనం భజియాలు, అంటే మన బజ్జీల్లాంటివి, తింటుంటే మేం పీతలు కోసేవాళ్లం. ఎన్నేళ్లయినా ఒక్కటీ దొరకలేదు. "గీ వారం లేదంటే ఎన్నడూ లేదని గాదు" అంటూ, పీతల వాసన కొట్టే చేతులతోనే నాకూ భజియా పొట్లం అందించేవారు.

నా కోపమంతా సీసాల దగ్గర. పురుగును స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో, దాస్తే తర్వాత డీఎన్ఏ తీసి చుట్టాలెవరో తేల్చుకోవచ్చు. ఫార్మలిన్‌లో ఆకారం నిలుస్తుంది, డీఎన్ఏ పాడవుతుంది. మద్యనిషేధం ఉన్న గుజరాత్‌లో స్పిరిట్ కావాలంటే పర్మిట్ తీసుకోవాలి. "ఫారం నేను నింపుతా సార్, మీరు సంతకం పెట్టుండ్రి సాలు" అని ఎన్నిసార్లు బతిమాలానో! "పురుగుల కోసం నన్ను దారూ ఆఫీసు సుట్టు తిప్పుతవా?" అని నవ్వేసేవారు. నలభై సీసాలు. నలభైలోనూ ఫార్మలినే.

రిటైరై మంచం పట్టాక పుట్టింది ఆశ, మన పురుగులు ఏ కొమ్మకు చెందుతాయో డీఎన్ఏతో తేలాలని. నాచేత ఒక ల్యాబ్‌కు ఉత్తరం రాయించారు. వెళ్లినప్పుడల్లా "జవాబొచ్చిందా?" అనేవారు. వచ్చింది. ఫార్మలిన్‌లో ఉన్నవి పంపవద్దని. నాలుగు రోజులు దాచాను. ఐదో రోజు మళ్లీ అడిగేసరికి ఆగలేకపోయాను.

"ఏమొస్తది సార్, అన్నీ ఫార్మలిన్ల ముంచి పెడితే! ఎన్నిసార్లు జెప్పిన మీకు!" అని అరిచాను.

ఆయన గోడవైపు తిరిగి, "నిజమే బిడ్డా" అన్నారు. ఆ తర్వాత నేను వెళ్లలేదు. వెళ్లాల్సింది.

కర్మకాండలయ్యాక ఆయన భార్య సీసాలన్నీ నాకప్పగించారు. ప్రతి లేబుల్ మీదా దొరికిన చోటు, ఏ మిడతలోంచి వచ్చిందో ఉంది. కొన్నిటి మీద దాని కింద కొత్తగా, వణికిన పెన్సిల్ రాత: "ఫార్మలిన్. డీఎన్ఏ రాదు. ఆకారం చూడండి."

"ఎనకొచ్చేటోళ్లు గీటి మీద టైం పాడు జేసుకోవద్దన్నడు" అన్నారామె. "ఒక్కొక్క సీస మంచం మీదికి తెప్పిచ్చుకున్నడు."

పంతొమ్మిది సీసాల మీద మొత్తం రాశారు. ఇరవయ్యో దాని మీద మొదటి మూడక్షరాలే ఉన్నాయి.