చేపల పాట దగ్గర ఫోను

ఇది నాను చెప్తంటే మా కోడలు రాస్తంది. నాకు సంతకం వరకే వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేలోగా బస్సు ఎళ్ళిపోద్ది. నాను "సేపలు" అంటే అది "చేపలు" అని రాస్తంది. రాసుకోనీ. కూర వండితే రెండూ ఒకలాగే ఉంటాయి.

మాది జాలరిపేట. తెల్లారాక పడవలు ఒకటొకటీ ఒడ్డుకొస్తాయి. చేపల్ని ఇసక మీద కుప్పలు పోసి పాట పెడతారు. పాటంటే వేలం. మేం ముగ్గురు ఆడోళ్ళం కలిసి ఒక కుప్ప కొని, మూడు వాటాలేసుకుని, తలో దిక్కూ తట్టెత్తుకుపోతాం. ఒకర్తి నా తోడికోడలు, మా మరిది పెళ్ళాం. ఇంకోర్తి ఎనక వీధి వదిన. ముగ్గురి తరఫునా పాట పాడేది నానే. నా గొంతు అలాంటిది మరి. వీధులంట అరిచి అరిచి రంపం అయిపోయింది. ఫోన్లో నాను హలో అంటే అవతలోళ్ళు "చెప్పండి బాబూ" అంటారు. నానూ దిద్దను. బాబు అన్నాక బేరం తక్కువ ఆడతారు.

పాటకో పద్ధతుంది. మొదట అందరూ అరుస్తారు. రేటు పెరిగే కొద్దీ ఒక్కొక్కరే తప్పుకుంటారు. ఆఖరికి ఇద్దరు మిగిలాక ఇంక నోటితో పని లేదు. పాటాయన నీ మొహం చూస్తాడు, నువ్వు తలూపితే నీది. ఊపాక వెనక్కి తీసుకోడం లేదు. తీసుకున్నావంటే రేపట్నించి నీ మొహం చూడరు. ఆ తలూపు కోసం మిగతా ఇద్దరూ నన్ను నమ్ముకుని పక్కన నిలబడతారు. ఒడ్డు మీద నాకున్న పరువు అదొక్కటే.

ఈ ఫోను మా అబ్బాయి కొనిచ్చాడు. ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద పని చేస్తాడు. "ఇంటింటికీ మెట్లెక్కి అడగడమెందుకమ్మా, ఆళ్ళే ఫోన్ చేసి ఏం కావాలో చెప్తారు" అన్నాడు. మా కోడలు మద్దిలపాలెంలో బట్టల షాపులో ఉంటాది, తెలివైంది. నాను పేర్లు చదవలేనని, ఒక్కో ఇంటికి ఆళ్ళు తినే చేప బొమ్మ పెట్టింది. చందువ బొమ్మ వెలిగితే మూడో అంతస్తు డాక్టరమ్మ. రొయ్య బొమ్మయితే స్టీలుప్లాంటులో రిటైరైన పెద్దాయన. పీత బొమ్మయితే ఆ కొత్తగా పెళ్ళైన పిల్ల, దానికి వండడం రాదు, ఎలా వండాలో కూడా నానే చెప్పాల. అక్కడి దాకా ఫోను బంగారమే.

తర్వాత ఆ చిన్న చిన్న వీడియోలు మొదలయ్యాయి. ఒకదాన్ని వేలితో పైకి తోస్తే ఇంకోటి వస్తాది. అత్తాకోడళ్ళ తగువు, తర్వాత ఎవరో గుత్తొంకాయ, తర్వాత ఒక కుక్క చీర కట్టుకుని నడుస్తాది. చదువు అక్కర్లేదు. అన్నీ అదే మాటాడతాది. మా ఆయన పోయాక మధ్యాన్నం పూట ఇంట్లో చప్పుడు ఉండేది కాదు. బతికున్నప్పుడూ ఆయన మాటాడింది తక్కువే. అయినా మాటాడని మనిషి ఎదర కూకోడం వేరు, మనిషే లేకపోడం వేరు. అందుకని ఫోను పెట్టుకుని అన్నం తినడం అలవాటైంది. తర్వాత చేపలు కోసి కడిగేటప్పుడు. తర్వాత ఆటో కోసం నిలబడితే. ఎప్పుడు ఎక్కడికి పాకిందో నాకే తెలీదు.

ఒక రోజు పొద్దున్న పాట జరుగుతుంది. ముందర వంజరం కుప్ప వచ్చింది, రేటు మనకి అందలేదు, ఒగ్గేశాం. తర్వాతి కుప్ప పోస్తన్నారు కదాని ఫోను తీశాను. అందులో ఒకావిడ, కోడలు కూర బాలేదంటే అత్త ఎలా సర్దుకుపోవాలో చెప్తంది. మంచి మాటలు చెప్పింది తల్లి. నాను అవునవునని తలూపుతున్నాను. తలెత్తేసరికి అందరూ నన్నే చూస్తన్నారు.

"పోయింది, వదినకి పోయింది" అన్నాడు పాటాయన. ఆయన నాకు మరిది వరస, వదినంటే నానే.

కింద చూస్తే టేకు చేపల కుప్ప. చూసినోళ్ళకి తెలుస్తాది, విసనకర్రంత వెడల్పు, వెనకాల తాడులాగ తోక. మా పేటలో తింటాం గానీ అపార్ట్‌మెంట్లోళ్ళు దాన్ని చూస్తేనే తలుపేసుకుంటారు.

"నాను పాడలేదు మరిదీ" అన్నాను.

"నోటితో ఎవరూ పాడలేదు, నువ్వూ పాడలేదులే. తలకాయ మాత్రం గంగిరెద్దులాగ ఊపేసినావు. ఒక్కసారి కాదు, ఆగకుండా ఊపినావు. ఇంత ఇష్టమేటి ఈవిడకి టేకంటే అనుకున్నాను."

ఒడ్డంతా నవ్వారు. నా తోడికోడలు నవ్వలేదు. ఎనక వీధి వదినా నవ్వలేదు. ఆ రోజు తట్టలెత్తుకుని ఎవరం ఏ కాలనీకీ ఎళ్ళలేదు. కూకుని ఆ టేకుల్ని కోసి, ఉప్పేసి, ఎండబెట్టాం. మిగిలినవి చుట్టాలకి పంచితే, ఆళ్ళు కొన్నాళ్ళు నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయేవారు.

కోత అయ్యాక నా తోడికోడలు కత్తి కడుగుతూ చెప్పింది. "అక్కా, కోపం తెచ్చుకోకు. రేపట్నించి పాట నాను పాడతాను."

"నీ గొంతు పిల్లి గొంతు కదే."

"పిల్లయినా కుప్పని చూసి అరుస్తాది. ఫోను చూసి కాదు."

వదిన ఉప్పు బుట్ట తీసుకుని దాని పక్కకెళ్ళి నిలబడింది. సరే అన్నాను. ఇంకేటి అంటాను.

మర్నాటి నుంచి నాను ఆళ్ళ పక్కన ఊరికే నిలబడ్డం మొదలెట్టాను. అది అలవాటు లేని పని. తోడికోడలు పాడుతుంటే నా గొంతులో ఏదో పాకేది. అది తొందరపడి రేటు ముందే చెప్పేసేది, నాను దగ్గేదాన్ని. "నీ దగ్గుకి కూడా కుప్ప ఇచ్చేయమంటావా వదినా" అని పాటాయన ఎగతాళి.

పాట మళ్ళీ నా చేతికి రావాలంటే ముందర ఫోను సంగతి చూడాల. ఇంట్లో ఒగ్గేసి ఎళ్ళాను. డాక్టరమ్మ చందువలు వొద్దని ఫోన్ చేసిందంట, నాను తట్ట నిండా చందువలతో ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను. అది కుదర్దు. తర్వాత ఫోను నోరు నొక్కేసి నడుం దగ్గర దోపుకున్నాను. మోగకపోయినా అక్కడ గుర్రుమన్నట్టే ఉండేది. తీసి చూస్తే ఏమీ లేదు. తీశాక ఊరికే పెట్టలేం కదా, ఒక్క వీడియో చూసి పెడదామనిపిస్తాది.

కోడల్ని అడిగాను. అది ఫోన్లో ఎక్కడికో ఎళ్ళి, రోజుకి ఎంతసేపు చూస్తన్నానో చూపించింది. చదివి చెప్పింది కూడా. ఆ లెక్క ఇక్కడ రాయొద్దన్నాను.

"మరి నీది చూపించు" అన్నాను.

"నాది ఎందుకత్తా, నాది ఆఫీసు పని."

"బట్టల షాపులో ఏటే ఆఫీసు పని?"

"రకాలు ఫోటోలు తీసి పంపాల."

"ఆ చీర కట్టుకున్న కుక్క కూడా మీ షాపులోదేనేటి?"

అది నవ్వి ఫోను వెనక్కి తిప్పేసింది. రాస్తూ ఇప్పుడు కూడా నవ్వుతుంది. ఇది మాత్రం కొట్టేయకే, రాయి.

అసలు సంగతి నాకు తెలిసింది తోడికోడలి వల్ల. ఒక రోజు ఇద్దరం కవ్వళ్ళు ఏరుతున్నాం. కవ్వళ్ళంటే వెండి రంగు చిన్న చేపలు, చెయ్యి పెడితే పొలుసూ జిగురూ మోచేతి దాకా అంటుకుంటాది. నాను కాసేపు ఏరడం, నడుం దగ్గరున్న తుండుతో చెయ్యి తుడుచుకోడం, మళ్ళీ ఏరడం.

"అక్కా, నీకీ తుండు ఎప్పట్నించి?" అంది.

"ఏ తుండు?"

"చేతిలోది. చిన్నప్పట్నించీ చేపల్లో ఉన్నాం. ఎప్పుడైనా పని మధ్యలో చెయ్యి తుడుచుకున్నామా మనం? బావగారికి అన్నం కూడా ఆ చేత్తోనే పెట్టేసేదానివి."

చూసుకుంటే నిజమే. ఆ తుండు ఎవరూ కొనివ్వలేదు, ఎవరూ పెట్టుకోమనలేదు. జిగురు చేత్తో తాకితే ఫోను వినదు. గీసినా, నొక్కినా, అలాగే చూస్తాది. అందుకని తుడుచుకోడం మొదలెట్టాను. ఫోను చూడని రోజుల్లో నా నడుంకి తుండు లేదు. చెయ్యి ఎన్నిసార్లు తుడిచానో అన్నిసార్లూ పని ఆపానన్నమాట. అంతవరకూ ఏదో కాస్త చూస్తన్నానులే అనుకున్నాను. నల్లగా అయిపోయిన ఆ తుండుని చూశాక అబద్ధం ఆడ్డానికి లేకపోయింది.

ఆ సాయంత్రమే దాన్ని పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసేశాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పడవలు రాకముందు, ఇసక మీద కూకుని టీ తాగుతూ బొమ్మలన్నీ నొక్కి అందరితో మాటాడేస్తాను. డాక్టరమ్మకి ఏం కావాల, పెద్దాయనకి రొయ్యలా కాదా, అన్నీ అప్పుడే. పడవ ఇసకెక్కగానే బకెట్టుతో సముద్రం నీళ్ళు తోడి రెండు చేతులూ ముంచేస్తాను. ఎదరున్న చేపనొకదాన్ని పట్టుకుని బాగా జిగురు పట్టిస్తాను. ఇంక తట్ట ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆరదు. చీరకి తుడవను. ఎవరైనా ఫోన్ చేస్తే మోగనీ. చెయ్యి చాపినా అది నా మాట వినదు కాబట్టి, కొన్నాళ్ళకి చెయ్యే చాపడం మానేసింది. మా అబ్బాయి ఇది విని, "దీనికి ఫోన్లోనే ఆపే మీట ఉంది కదమ్మా" అన్నాడు. ఉంటాది నాయనా. ఆ మీట నొక్కడానికి కూడా ఫోనే తీయాల కదా.

మొన్న పాలసొరలు వచ్చాయి. బాలింతలకి పాలు పడతాయని వండి పెట్టే చేప అది, వచ్చిన రోజు ఎగబడతారు. పాట మొదలైంది. తోడికోడలు మూడు మాటలు పాడి ఆగిపోయింది. పక్క పేట నుంచి వచ్చిన లావుపాటి ఆవిడ గొంతు దాని మీద పడిపోయింది. వదిన నన్ను మోచేత్తో పొడిచింది. తోడికోడలు నా వైపు చూసింది గానీ అడగలేదు. నానే నోరు తెరిచాను. చాన్నాళ్ళు మూసిపెట్టిన గొంతేమో, నాలుగు కాకులు లేచిపోయాయి.

ఆఖరికి ఆ లావుపాటి ఆవిడా నానూ మిగిలాం. పాటాయన నా మొహం చూస్తన్నాడు. సరిగ్గా అప్పుడే నడుం దగ్గర ఫోను మోగింది. బొమ్మ ఏదో చూడాలి కదా అని లోపల ఒకటి లాగింది, లేదని చెప్పను. రెండు చేతులూ జిగురుతో కిందకి వేలాడుతున్నాయి. నాను కుప్పని చూశాను. పైన నాలుగు బాగున్నాయి, కింద పడ్డవి కాస్త మెత్తబడ్డాయి. ఆవిడకి పై వరసే కనపడుతుంది. నాను పాడిన రేటు దాటితే మనకి నష్టమని తెలిసి, పాటాయన ఇంకో మెట్టు పెంచినా తల ఊపకుండా ఆగాను. ఫోను మోగుతూనే ఉంది. పెంచిన రేటుకి ఊపాల్సిన ఆవిడ నా ఫోను వైపు చూసింది, తడబడింది, తప్పుకుంది. పాటాయన నా పాత రేటు మీదే నన్ను మళ్ళీ చూశాడు. అప్పుడు ఊపాను, ఒక్కసారే.

"ఈసారి తెలిసే ఊపినావా వదినా?" అన్నాడు.

"తెలిసే. తూకం సరిగ్గా వెయ్యి."

ఆ ఫోను ఎవరిదో తర్వాత కోడలు చూసి చెప్పింది. ఫోనుకి సినిమా పాటలు పెట్టించుకోమని కంపెనీ వాళ్ళంట.

వాటాలేసుకుంటుంటే తోడికోడలు మెత్తబడ్డవి తన వైపు లాక్కుని మంచివి నా తట్టలో పడేసింది. నాను తీసి మళ్ళీ సమానంగా సర్దాను. కాసేపు ఇద్దరం అదే పని. వదినకి విసుగొచ్చి, "బేగి కానీండర్రా, ఎండెక్కేస్తంది" అంది.

"రేపు నువ్వే పాడక్కా" అంది తోడికోడలు, తట్ట సర్దుకుంటూ. "నాకు గొంతు నొప్పెడతంది."

"నీ గొంతుకి నొప్పి పుట్టేంత నువ్వెప్పుడు పాడినావే?"

"అందుకే చెప్తన్నాను, నువ్వే పాడు."

తట్ట దాని తలకి ఎత్తి, నాది వదిన చేత ఎత్తించుకుని, పెదవాల్తేరు రోడ్డెక్కాను.