వ్యూ పాయింటు దగ్గర మా నాయన

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు. ఒకటి మా లైను లీడరక్క. రెండోది, మా ఊరివాళ్ళెవరైనా హొసూరు బజారులో ఎదురుపడి, నలుగురిలో నన్ను కేకేసి పిలుస్తారేమోనని. పందొమ్మిదేళ్ళ వయసు, మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు, కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులు. ఇంత మనిషినయ్యానని నన్ను చూసి నేనే ముచ్చటపడుతూ తిరిగే కాలం. మోటారు బళ్ళకు వైర్ల కట్టలు బిగించే ఫ్యాక్టరీలో పని, లేడీస్ హాస్టల్లో గదికి నలుగురం. (గది అంటున్నాను గానీ, ఒకరు తల దువ్వుకోవాలంటే మిగతా ముగ్గురూ మంచాలెక్కి కూర్చోవాలి.) చేరి ఆరు నెలలైంది. ఆ ఆరు నెలల్లో వైర్లు బిగించడం కంటే శ్రద్ధగా నేను చేసిన పని ఒకటుంది. ఒక అబద్ధాన్ని పెంచి పెద్దచేయడం.

అది చాలా చిన్నదిగానే పుట్టింది. హాస్టల్లో చేరిన మొదటి రోజు, పక్క మంచం పిల్ల మీ నాయన ఏం చేస్తాడని అడిగింది. మా నాయన రాయకోట పక్కన గొర్రెలూ మేకలూ కాస్తాడు, ఆయన తండ్రీ అదే చేశాడు, ఆ తండ్రి తండ్రీ అదే చేశాడు. అది చెప్పడానికి నోరు రాక, "ఫారం చూసుకుంటాడు" అన్నాను. మిగతాదంతా వాళ్ళే కట్టుకున్నారు. ఫారానికి గేటు పెట్టారు, కొబ్బరిచెట్లు నాటారు, మా నాయనకు ఒక జీపు కూడా కొనిపెట్టారు. నేను ఔననలేదు, కాదనలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. నాది ఎంత బాగా అతికిందంటే, ఊడదీయడం నా వల్ల కాలేదు.

పక్క మంచం పిల్లది కావేరిపట్టణం. ఇంట్లో అరవం, మాతో తెలుగు, హాస్టల్ వార్డెనుతో కన్నడం, నిద్రలో మాత్రం మూడూ కలిపి మాట్లాడేది. లైను లీడరును మేము 'టార్గెట్ అక్క' అనేవాళ్ళం. ఆమె నోట మాటకు ముందు టార్గెట్, మాట తర్వాత టార్గెట్. ఆ అక్కే ఒక ఆదివారం మా ఏడుగురికీ వ్యాను మాట్లాడి, అంచెట్టి ఘాటు దారిలో కొండకొమ్మున ఉన్న వ్యూ పాయింటుకు తీసుకుపోతానంది. నేను వారం ముందే గులాబీరంగు చుడీదారు ఉతికి, మడతపెట్టి, పరుపు కింద ఇస్త్రీకి పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్న వ్యానెక్కబోతుంటే, హాస్టల్ గేటు దగ్గర మా నాయన నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, గుడ్డలో కట్టిన రాగిముద్ద. గొర్రెల వాసన ఆయనకంటే నాలుగడుగులు ముందే వచ్చి నన్ను పలకరించింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను.

"అమ్మా, నిన్ను తోలుకొని పోదామని వచ్చినాను" అన్నాడు.

"యాడికి?"

"ఇంటికి. ఆరు నెలలు చేసినావు, చాల్లే. మనోళ్ళు ఒకరూ లేని తావులో ఒక్కదానివే ఎట్ల ఉంటావు? మీ అమ్మకి నిద్ర పట్టలే. నాకూ పట్టలే."

మా నాయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మెల్లగా చెప్పి, చెప్పినదే చేసే మనిషి. అటువంటి మనిషితో వాదించి గెలవడం కష్టం. నేను ఏదో గొణుగుతుంటే, వ్యానులోంచి టార్గెట్ అక్క దిగింది. "ఎవరమ్మా?" అంది. "మా ఊరాయన" అన్నాను. (ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.) మా నాయన నా వైపు ఒకసారి చూసి, రాగిముద్ద మూట ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఊరాయనైతే ఏమి, సీటు ఖాళీగుంది, ఎక్కప్పా, చూసుకొని వద్దువు" అంది అక్క. ఆయన "సరేమ్మా. సాయంత్రం పోదాములే" అన్నాడు. సాయంత్రం పోదామన్న మాట నాకు మాత్రమే అర్థమైంది.

ఘాటు రోడ్డు మీద వ్యాను మెలికలు తిరుగుతుంటే పిల్లలంతా పాటలు పాడారు. నేను మా నాయనకు మూడు సీట్ల దూరంలో కూర్చుని, ఇక వైర్లూ లేవు, హాస్టలూ లేదు, మేకపిల్లలకు పాలు పట్టడమే గతి అని ఏడుపు మింగుతున్నాను. ఒకపక్క ఆయన మాట నిజమేననీ అనిపిస్తోంది. మొదటి రెండు నెలలు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చిన మాట నిజమే కదా. కానీ ఇప్పుడు నాకు ఉండిపోవాలని ఉంది. అది ఎలా చెప్పాలో తెలియదు. చెప్పాలంటే ముందు ఆయన్ని "నాయనా" అని పిలవాలి, పిలిస్తే గేటూ కొబ్బరిచెట్లూ జీపూ అన్నీ ఒక్కసారే కూలిపోతాయి.

వ్యూ పాయింటులో ఇనుప కంచె కట్టిన బండ, దాని అవతల లోయ. ఒక పక్కన మాత్రం కంచె విరిగి, ముళ్ళపొదల మధ్యలోంచి కిందికి కాలిబాట ఉంది. పిల్లలు ఫొటోలు తీసుకున్నాక, కంచె పట్టుకుని అరవడం మొదలుపెట్టారు. ఎవరి పేరు వాళ్ళు అరిస్తే ఎదుటి కొండ తిరిగి పలుకుతోంది. మా నాయన కాస్త దూరంగా కూర్చుని రాగిముద్ద తింటూ లోయ వైపు చూస్తున్నాడు. "ఎంత మేత!" అన్నాడు తనలో తానే.

"అప్పా, మీరూ ఒకతూరి అరవండి!" అంది కావేరిపట్టణం పిల్ల.

"నాకేం వచ్చునమ్మా అరిచేకి" అని సిగ్గుపడ్డాడు. వాళ్ళు వదల్లేదు. చివరికి చెయ్యి కడుక్కుని, లేచి, కర్ర చంకలో పెట్టుకుని, తనకు వచ్చిన ఒకే ఒక అరుపు అరిచాడు. "హూ... ఊ... ఓయ్... ట్రుర్ర్ర్!"

అది పొద్దుగూకే వేళ మందను ఇంటికి మళ్ళించే పిలుపు. మా పక్క కాపరులందరికీ పిలుపు ఒకటే. పొద్దున పదకొండింటికి ఆ పిలుపు పిలవకూడదన్న సంగతి ఆయనకు తెలియక కాదు. ఇంతమంది ఆడపిల్లలు బతిమాలుతుంటే మరిచిపోయాడంతే. ఎదుటి కొండ ఆ పిలుపును రెండుసార్లు తిరిగి పలికింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగిన తర్వాత కింద ఎక్కడో గంటల చప్పుడు మొదలైంది.

మొదట ఒక గడ్డం కనబడింది. దాని వెనకాల రెండు కొమ్ములు. ఆ వెనకాల నలభై మేకలు. ముళ్ళపొదల్లోంచి, బండసందుల్లోంచి ఎగబాకి, ఇంటికి పోయే ఉత్సాహంతో వ్యూ పాయింటు నిండా దిగాయి. చిత్రాన్నం పొట్లాలు మూడు నిమిషాల్లో ఖాళీ. చిప్సు ప్యాకెట్లు ప్యాకెట్లతో సహా ఖాళీ. టార్గెట్ అక్క చున్నీ కొసను ఒక పోతు నములుతుంటే, ఆమె రెండో కొస పట్టుకుని లాగుతూ "ఇడువు! ఇడువు!" అని దానికి ఆర్డరు వేస్తోంది. (ఆ ఆర్డరు వినని ప్రాణిని మేము అదే మొదటిసారి చూడడం.) డ్రైవరు వ్యాను మీదికెక్కిన రెండింటిని దించలేక తనే పైకెక్కాడు. నేను మాత్రం ఎవరికీ సంబంధం లేనిదానిలా లోయకు ఫొటోలు తీస్తున్నాను.

అప్పుడు ఒక చిన్న మేకపిల్ల బెదిరి, కంచె కింద దూరి, బండ అంచుకు పోయింది. మా నాయన అంత దూరంలో ఉన్నాడు. "అమ్మా! ఆ పక్క అడ్డం పో!" అని అరిచాడు.

ఆ తర్వాత నేనేం చేస్తున్నానో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. సెల్లు పడేసి, గులాబీరంగు చుడీదారుతోనే కంచె కింద దూరి, మోకాళ్ళ మీద పాకి, నాలుక మడిచి "ట్చొ, ట్చొ, బా బా" అంటూ దాని వెనక కాలు పట్టుకుని లాగి చంకలో వేసుకున్నాను. బయటికి వచ్చి, ఒక చెయ్యి చాపి, "హెయ్! తిరుగూ!" అని అదిలిస్తే, ఎగిరెగిరి పడుతున్న మేకలన్నీ గమ్మున ఒక పక్కకు ఒత్తుకున్నాయి. ఊపిరి పీల్చుకుని చూస్తే, ఏడుగురి కళ్ళూ నా మీదే ఉన్నాయి.

"నీకు ఇదెట్ల వచ్చు?" అంది కావేరిపట్టణం పిల్ల.

మింగలేను, కక్కలేను. చంకలో మేకపిల్ల నా గుర్తింపు కార్డు తాడు చప్పరిస్తోంది. "ఈయన మా నాయన" అన్నాను. "మా ఫారమూ ఇట్లాంటిదే. నడిచే ఫారం. గేటు ఉండదు."

ఎవరైనా నవ్వుతారని చూశాను. ఎవరూ ఏమీ అనేలోపే కాలిబాటలోంచి ఒక అవ్వ ఆయాసపడుతూ పైకి వచ్చింది. "ఎవడప్పా నా మేకల్ని పిలిచినోడు? కడుపైనా నిండకముందే పిలిస్తే, అవి మళ్ళా మేస్తాయా? నీకు బుద్ధుందా? చూస్తే కాపరి మాదిరి ఉండావు!"

మా నాయన చేతులు కట్టుకున్నాడు. "తప్పైపోయిందమ్మా. నేనే పిలిచినాను."

"అయితే నువ్వే దించల్ల. పిలిచినోడే దించల్ల, అది మీ పక్క లేదా?"

"ఉందమ్మా. ఎందుకు లేదు" అని ఆయన కర్ర తీసుకున్నాడు. మా వాళ్ళలో అది కట్టుబాటు. పిలిచిన గొంతు వెంటే మంద నడుస్తుంది కాబట్టి, పొరపాటున పిలిచినా సరే, బయలుదేరిన చోటికి చేర్చేదాకా అది నీ మందే. కింద వాగు దాకా కనీసం గంట నడక. నేను వెంట బయలుదేరాను. పది అడుగులేసి వెనక్కి తిరిగితే మిగతా ఏడుగురూ వస్తున్నారు. టార్గెట్ అక్క అయితే నమిలిన చున్నీని నడుముకు చుట్టుకుని, "ఎన్నుండాయి అవ్వా? నలభై రెండా? ఒక్కటి తగ్గినా నేనొప్పుకోను" అంటోంది.

సగం దారిలో నా ఎత్తు మడమల చెప్పు తెగింది. కాలు మడతపడి కూలబడ్డాను. మా నాయన ముందు మందతో పోతున్నాడు. నేను పిలవలేదు, సిగ్గేసింది. కానీ ముందు నడుస్తున్న పిల్లలు ఒక్కొక్కరే ఆగారు. కావేరిపట్టణం పిల్ల వెనక్కి ఎక్కివచ్చి, మూడు భాషల్లోనూ నా చెప్పుల్ని తిట్టి, తన చెప్పులు విప్పి ఇచ్చింది. అక్క నా చంక కింద చెయ్యి వేసింది. నేను లేచి నడిచేదాకా ఎవరూ కదల్లేదు. అంత కిందినుంచి మా నాయన కర్ర మీద గడ్డం ఆనించి ఇటే చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన దారి పొడవునా నిద్రపోయాడు. సాయంత్రం హాస్టల్ ముందు దిగాక, నేను లోపలికి పోయి బట్టలు సంచిలో సర్దుకుని బయటికి వచ్చాను. కళ్ళు వాచి ఉన్నాయి.

"సంచి ఎందుకు తెచ్చినావు?" అన్నాడు.

"పోదామంటివి కదా నాయనా."

ఆయన గొంగడి సర్దుకున్నాడు. "కొత్త గొర్రెని కొని మందలో ఇడిస్తే, కొన్నాళ్ళు కాచుకొని చూస్తాము. అది ఎనకబడినప్పుడు మంద నిలబడి చూసిందా, ఇంక దాని గురించి మనకి దిగులుండదు. చూడలేదంటే ఇంటికి తోలుకొచ్చేస్తాము." నా సంచి వైపు కర్ర చూపించాడు. "నువ్వు కాలు మడతపడి కూచున్నప్పుడు నిన్ను ఇడిచి ఒక్కరూ కదల్లేదు, చూసినాను. లోపలికి పో. మీ అమ్మకి నేను చెప్తాలే."

నేను సంచి అక్కడే పడేసి, బస్టాండు దాకా ఆయన కర్ర మోసుకుంటూ బజారు నడుమ నడిచాను. నాలుగు మాటలకొకసారి అవసరం లేకపోయినా "నాయనా" అన్నాను. పొద్దున అన్న "ఊరాయన" మాటను ఆయన ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. బస్సు ఎక్కబోతూ మాత్రం ఒకటి అడిగాడు. "అవునమ్మా, అంత దూరం పోతిమి కదా, ఆ కొండమీద చూసేకి ఏముండె?"

ఫోనులో ముప్పై ఫొటోలున్నాయి గానీ, లోయ ఎలా ఉందో నిజంగా నాకు తెలియదు. రోజంతా నేను చూసిందల్లా, మా నాయనను ఎవరెవరు చూస్తున్నారన్నదే. ఇప్పుడు ఆ దారిన పోయినప్పుడల్లా బండి ఆపించి, కంచె పట్టుకుని, తీరిగ్గా నిలబడతాను. ఎదురుగా కొండ, కింద వాగు, వాగు పొడవునా పచ్చిక. ఆ గులాబీరంగు చుడీదారు పిల్ల వంతు కూడా నేనే చూస్తాను. నాయన అన్నది నిజమే, చాలా మేత ఉంది.